సరిహద్దు నదులు – 7: ఇసుక కింద పాలారు

పెన్న కథ పోయిన సంచికతో ముగిసింది. ఈసారి మన నది పాలారు. పుట్టుక అదే నందికొండల వైపు, కర్ణాటకలో. పెన్న ఉత్తరంగా అనంతపురం దారి పట్టి, తర్వాత తూర్పుకు తిరిగి నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. పాలారు ఆగ్నేయానికి జారి కోలారు, కుప్పం, వేలూరు, ఆర్కాడు, కంచి ప్రాంతాల మీదుగా సాగి, చెన్నైకి దక్షిణాన వయలూరు దగ్గర బంగాళాఖాతం చేరుతుంది. మొత్తం పొడవు 348 కిలోమీటర్లు. కృష్ణలో నాలుగో వంతు. అందులో కర్ణాటకలో పారేది 93 కిలోమీటర్లు, తమిళనాడులో 222. మన వాటా 33.

ఇంత చిన్న నదికి నూట ముప్పై ఏళ్ల నాటి ఒప్పందం ఒకటుంది. సుప్రీంకోర్టులో దావాలున్నాయి. మూడు రాష్ట్రాల్లో దీని పేరు చెప్పి ఓట్లడిగినవాళ్లున్నారు. అయినా ఏడాదిలో ఎక్కువ నెలలు ఇందులో కంటికి నీరు ఆనదు. వేలూరు వంతెన మీద నిలబడితే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఇసుక, సర్కారు తుమ్మ, అక్కడక్కడా నల్లటి మడుగు. లేని నీటి కోసం కొట్టుకుంటున్నారని ఊరికే అనేవాళ్లు చాలామంది. ఆ మాట నేను ఒప్పుకోను. పాలారు నీరు ఎగువన చెరువుల్లో ఉంటుంది, దిగువన ఇసుక అడుగున ఉంటుంది. ఆ రెండు చోట్లా చూడకుండా డ్యాముల ఎత్తు కొలిచినంత కాలం ఈ తగవు తెగదు.

ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు

పాలారు ఇదిగో ఇక్కడే పుట్టిందని వేలు పెట్టి చూపడం కష్టం. అందరి నోటా వినిపించేది నందికొండ. పాత పుస్తకాల్లో తలగవార అనే ఊరి పేరు కనబడుతుంది. పుట్టిన చోటు ఏదైనా, కోలారు మెట్టనేలల్లో అది మనకు తెలిసిన నదిలా ఒక పాయగా పారదు. ఒక చెరువు నిండి మరవ పారితే ఆ నీరు వంకలో దిగి కింది చెరువులో పడుతుంది. అది నిండితే ఆ కిందిదానికి. ఈ గొలుసుకట్టు చెరువుల్లో ఆఖరిది కూడా నిండిన ఏడే కింది రాష్ట్రాలకు నది వచ్చినట్టు. మైసూరు చీఫ్ ఇంజనీరుగా పనిచేసిన సాంకీ 1860ల్లో ఆ సంస్థానమంతా చూసి, ఇక్కడ కొత్త చెరువుకు జాగా వెతికి పట్టుకోవాలంటేనే గొప్ప నేర్పు కావాలన్న అర్థంలో రాశాడు. ఒప్పందాలు, కోర్టులు పుట్టక ముందే ఎగువ రైతు ఆపగలిగినంత నీరు ఆపుకున్నాడన్నమాట. దానికి దిగువ రైతు కూడా అలవాటు పడ్డాడు.

వీటిలో పేరుమోసింది బేతమంగళం చెరువు. బాణరాజు విజయాదిత్యుడి పేరు మీద ఆ ఊరు ఒకప్పుడు విజయాదిత్యమంగళం. తెగిన చెరువు కట్టను పదో శతాబ్దంలో నొళంబ రాజు ఇరివ నొళంబుడు బాగు చేయించాడు. వెయ్యేళ్ల తర్వాత కోలారు బంగారు గనులు జోరు మీదున్నప్పుడు గని కాలనీలకు తాగునీరు పంపింది కూడా ఈ చెరువే. ఆ గనుల్లోకి దిగినవాళ్లలో చిత్తూరు, ఉత్తర ఆర్కాడు పల్లెల నుంచి వలస పోయిన తెలుగువాళ్లు, తమిళులు ఎందరో. ఊళ్లో పాలారు ఎండి వలస పోయినవాళ్లకు అక్కడ కూడా పాలారే నీళ్లిచ్చింది.

గొలుసుకట్టుకు ఒక ప్రమాదం ఉంది. పై చెరువు తెగితే ఆ నీటి తాకిడికి కిందివీ నిలవవు. 1903 నవంబరులో అదే జరిగింది. ఎగువన కట్టలు తెగి, వరద ఒక్కపెట్టున వాణియంబాడి మీద పడింది. రాత్రికి రాత్రి వీధులకు వీధులు పోయాయి, ఎందరో చనిపోయారు. ఆ ఊరి పెద్దల మాటల్లో ఆ వరద ఇప్పటికీ ఒక గుర్తు. కోలారులో ఒక చెరువు కట్ట గట్టిగా ఉందా లేదా అన్నది వంద కిలోమీటర్ల అవతల ఉన్న ఊరి ప్రాణాలకు సంబంధించిన సంగతని ఆ రోజు తేలింది. మళ్లీ 2021 నవంబరులో పాలారు పొంగి లక్ష క్యూసెక్కులు దాటింది. ఎండిన నదే కదా అని ఏటి పోరంబోకులో ఇళ్లు కట్టుకున్నవాళ్లు కట్టుబట్టలతో బయటపడ్డారు.

ఎగువన ఈ మధ్య వచ్చిన ఇంకో మార్పు కూడా చెప్పుకోవాలి. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి, పైపుల్లో ఎత్తి కోలారు చెరువుల్లో నింపుతున్నారు. ఏళ్ల తరబడి ఎండిన చెరువులు నిండాయి, బోర్లలో నీరు పైకి వచ్చింది. ఆ నీటి శుద్ధి ఏ పాటిదన్న వాదం అక్కడ బలంగానే ఉంది. చెరువు నిండి మరవ పారితే ఆ నీరు వచ్చేది మనవైపే కాబట్టి కుప్పం, వాణియంబాడి ప్రజలకు కూడా ఆ వాదంలో పాలుంది.

ముప్పై మూడు కిలోమీటర్లు

శాంతిపురం, రామకుప్పం, కుప్పం మండలాల్లో పాలారు మనది. కుప్పం చుట్టుపక్కల తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఇంటి భాషలే. సంతలో బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో తెగుతుంది. పుల్లూరు దగ్గర సరిహద్దు మీదే కనకనాచియమ్మ గుడి ఉంది. అమ్మవారికి పొంగలి పెట్టడానికి తమిళనాడు పల్లెల నుంచి కూడా జనం వస్తారు. తగవుకు పేరుపడిన చెక్‌డ్యామ్ ఆ గుడి పక్కనే.

తగవు మూలం 1892 ఫిబ్రవరి 18 నాటి ఒప్పందం. మద్రాసు ప్రభుత్వం, మైసూరు సంస్థానం రాసుకున్న కాగితం అది. ఏయే నదుల మీద, ఏయే వంకల మీద మద్రాసును అడగకుండా మైసూరు కొత్త సేద్యపు పనులు చేపట్టకూడదో అందులో పట్టికలు వేశారు. ముఖ్యమైన నదులు పదిహేను. తుంగభద్ర, కావేరి, పెన్న సరసన పాలారు పేరూ ఉంది. అయితే మద్రాసు తన ఇష్టం వచ్చినట్టు కాదనడానికి వీల్లేదు. అప్పటికే సంపాదించుకుని, నిజంగా అనుభవంలో ఉన్న నీటి హక్కుకు దెబ్బ తగులుతుందంటేనే కాదనాలి. ఈ రెండో షరతును ఇవాళ వాదించుకునేవాళ్లు అంతగా ఎత్తరు. నా లెక్కలో ఒప్పందానికి ప్రాణం అదే.

మరి 1892లో కుప్పం ఎక్కడుంది? మద్రాసు ప్రెసిడెన్సీలో, ఉత్తర ఆర్కాడు జిల్లాలో, కంగుంది జమీందారీలో. వేలూరు, ఆర్కాడు అదే జిల్లా. కాగితం మీద ఎగువ మైసూరు, దిగువ మద్రాసు. కుప్పం దిగువ పక్షంలో ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చాక మాత్రం దిగువ పక్షం రెండుగా చీలి, అందులో ఒక ముక్క ఇంకో ముక్కకు ఎగువ అయింది. ఇలాంటి రోజు వస్తుందని ఒప్పందం రాసినవాళ్లు అనుకోలేదు, దానికి ఒక వాక్యం కూడా పెట్టలేదు.

2006లో గణేశపురం దగ్గర పాలారు మీద రిజర్వాయరు కట్టాలని ఆంధ్రప్రదేశ్ తలపెట్టగానే తమిళనాడు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ తర్వాత కూడా చెక్‌డ్యాముల గొడవ ఆగలేదు. 33 కిలోమీటర్లలో ఇరవైకి పైగా కట్టారన్నది తమిళనాడు ఫిర్యాదు. 2016లో పుల్లూరు చెక్‌డ్యామ్ ఎత్తు 5 అడుగుల నుంచి 12 అడుగులకు పెంచితే మళ్లీ కోర్టు మెట్లెక్కింది. మద్రాసు చేసిన ఒప్పందం మమ్మల్ని కాపాడుతుందని తమిళనాడు అంటుంది. మేమూ ఆ మద్రాసు వారసులమే, మా గడ్డ మీద పడిన వాననీరు తాగడానికి ఎవరిని అడగాలని ఆంధ్రప్రదేశ్ అడుగుతుంది.

కుప్పం రైతు కష్టం చిన్నది కాదు. వెయ్యి అడుగులు తవ్వినా నీరు పడని బోర్లు ఆ గడ్డ మీద మామూలు. కృష్ణా నీళ్లు హంద్రీ–నీవా కాలువలో కుప్పం దాకా రావడానికి 2025 దాకా పట్టింది. అంతకాలం ఎదురుచూసినవాడు కళ్లముందు పోయే వరదను రెండు రోజులు ఆపుకుంటే తప్పని ఎవరనగలరు? అటు వాణియంబాడి బావి రైతు నోట కూడా అబద్ధం లేదు. ఏటా వచ్చే చిన్న చిన్న వరదలే ఇసుకను తడిపి అతని బావిని నింపేవి. పెద్ద వరద ఏ డ్యామునైనా పొర్లుకుని వస్తుంది. చిన్న వరదే రాదు. ఆ చిన్న వరద ఎగువన ఎంత, పుల్లూరు దగ్గర ఎంత, దాటిపోయేది ఎంత అన్న లెక్క రెండు రాష్ట్రాల ఇంజనీర్లు ఒకే కొలబద్ద దగ్గర నిలబడి రాయాల్సింది. అది లేకుండా నడిచే వాదం ఎన్నేళ్లయినా వాదంగానే ఉంటుంది.

మన గడ్డ నుంచి పాలారుకు ఇంకో రెండు దారుల్లో నీరు పోతుందని కూడా గుర్తుంచుకోవాలి. పలమనేరు అడవుల్లో పుట్టిన కౌండిన్య నది గుడియాత్తం వైపు దిగి మోర్దానా డ్యామును నింపి పాలారులో కలుస్తుంది. చిత్తూరు ఊరి మధ్యగా పారే నీవా నది తమిళనాడులో పొన్నై పేరుతో సాగి రాణిపేట వైపు పాలారులో పడుతుంది. ఆ పొన్నై గట్టు మీది మేల్పాడిలోనే క్రీ.శ. 959లో రాష్ట్రకూట మూడో కృష్ణుడు చోళులను గెలిచి దండు దింపాడు. కర్హాడ్ తామ్రశాసనాలు అక్కడి నుంచే ఇచ్చాడు.

ఇసుకలో తవ్విన కాలువ

తమిళనాడు మైదానంలో దిగాక పాలారు పరుచుకుంటుంది. దాని ఇసుక లోతైనది. వరద నాలుగు రోజుల్లో పోతుంది, ఇసుకలోకి దిగిన నీరు మాత్రం నెలల తరబడి అడుగున మెల్లగా కదులుతూనే ఉంటుంది. ఆ నీటిని పట్టడానికి ఈ నది రైతులు నేర్చిన పని ఊటకాలువ. రాయలసీమ పాఠకులకు కొత్తేం కాదు, పెన్న ఒడ్డున, చిత్రావతి ఒడ్డున మన పెద్దలు తవ్వినవే. వరద తీసిన తర్వాత ఊరంతా కలిసి ఏటి నడుమ ఇసుకలో నిలువెత్తు తవ్వుతారు. చెలమలో లాగా నీరు ఊరుతుంది. ఆ ఊట దగ్గర నుంచి గట్టు వైపుకు, నది వాలు కంటే తక్కువ వాలుతో కాలువ తీసుకుంటూ పోతారు. నది మట్టం దిగుతూ పోతుంది, కాలువ మట్టం అంతగా దిగదు. అరమైలో మైలో పోయేసరికి కాలువలో నీరు పొలం ఎత్తుకు అందుతుంది. ఏతం లేదు, ఎద్దు లేదు. మళ్లీ వరదొస్తే కాలువ పూడిపోతుంది, మళ్లీ తవ్వాలి. ఇంటికొక మనిషి చొప్పున రాకపోతే ఆ ఇంటికి నీటి వంతు లేదు.

ఈ నేల మీద రాజులు చేసింది కూడా చెరువుల పనే. మహేంద్రవర్మ పల్లవుడి పేరున మహేంద్రవాడి చెరువు, మూడో నందివర్మ కాలంలో కావేరిపాక్కం చెరువు వచ్చాయి. కూరం తామ్రశాసనంలో పరమేశ్వర తటాకం ప్రస్తావన ఉంది. పాలారు నుంచి పెరుంబిడుగు అనే కాలువ తవ్వి ఆ చెరువును నింపారు. వెయ్యేళ్ల తర్వాత, 1850ల్లో, ఇంగ్లీషువాళ్లు వాలాజాపేట దగ్గర పాలారు ఆనకట్ట కట్టినప్పుడు కూడా కొత్త ఆయకట్టు కంటే ఎక్కువగా చేసింది ఈ పాత చెరువులకు నీరు పంపడమే. కావేరిపాక్కం, మహేంద్రవాడి, దూసి మామండూరు చెరువుల కాలువలు ఇప్పటికీ ఆ ఆనకట్ట నుంచే బయలుదేరతాయి.

కావేరిపాక్కం చెరువు దగ్గర నది చరిత్రలో పాత పేజీ ఒకటి తెరుచుకుంటుంది. ఆ చెరువు మిగులు నీరు కొసస్తలైయారులో పడి ఈశాన్యంగా పోతుంది. ఒకప్పుడు పాలారు అసలు దారే అదని, ఎన్నో వేల ఏళ్ల కిందట ఆగ్నేయానికి మళ్లిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. వయలూరు కంటే చాలా ఉత్తరంగా, ఎన్నూరు, పులికాట్ వైపు అది సముద్రంలో కలిసేదట. ఆ పాత లోయలోనే అత్తిరంపాక్కం ఉంది. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అక్కడ రాతి గొడ్డళ్లు ఏరాడు. శాంతి పప్పు బృందం తవ్వకాల తర్వాత వాటిలో అడుగుపొర వయసు పదిహేను లక్షల ఏళ్లని 2011లో తేలింది. మన దేశంలో మనిషి నివాసానికి అంతకంటే పాత ఆధారాలు అరుదు.

ఆ కొసస్తలైయారు మీదే పూండి రిజర్వాయరు. 1944లో కట్టింది. కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో వచ్చే కృష్ణా నీరు చేరేది అందులోకే. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు చెన్నై దాహానికి వదులుకున్నాయి. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు కాలువ ఒప్పందం రాసుకున్నాయి, 1996లో నీరు చేరింది. వందల కిలోమీటర్ల దూరం నుంచి నీరు పంపడానికి కూర్చుని మాట్లాడుకున్న రాష్ట్రాలే ఇవి.

పదిహేను మంచాల ఆస్పత్రి

కంచి దాటాక చెయ్యారు, వేగవతి వచ్చి పాలారులో కలుస్తాయి. ఆ మూడు నదుల కూడలి తిరుముక్కూడల్. అక్కడి పెరుమాళ్ గుడి గోడ మీద పదకొండో శతాబ్దపు వీరరాజేంద్ర చోళుడి శాసనం ఉంది. దక్షిణాదిన నాకు బాగా నచ్చిన శాసనాల్లో అది ఒకటి. యుద్ధాల గొప్పల తర్వాత అది ఒక ఆస్పత్రి ఖర్చు లెక్క చెబుతుంది. పదిహేను మంచాలు. ఒక వైద్యుడు, శస్త్రచికిత్స చేసేవాడొకడు, మూలికలు, కట్టెలు తెచ్చే మనుషులు ఇద్దరు, రోగులకు సేవ చేసే ఆడవాళ్లు ఇద్దరు. వాళ్లకు జీతం ఎంత, రోగికి బియ్యం ఎంత, రాత్రంతా వెలిగే దీపానికి నూనె ఎంత అన్నీ చెక్కించారు. నిలవ ఉంచాల్సిన మందుల పేర్లూ ఉన్నాయి. అందులో వాసాహరీతకి, దశమూల హరీతకి కరక్కాయ మందులు. ఈ ఖర్చంతా భరించింది పాలారు నీటితో పండిన గుడి మాన్యం.

కరక్కాయ ఈ నది ఒడ్డున ఇంకో పనికీ వచ్చింది. వాణియంబాడి, ఆంబూరు, పేర్నంబట్టు, రాణిపేటల్లో తోళ్లు పదును చేయడానికి పాతకాలంలో వాడింది తంగేడు పట్ట, కరక్కాయ. రెండూ పక్క కొండల మీద దొరికేవి. పని నిదానం, వారాలు పట్టేది, కంపు కూడా కొట్టేది. నీరు ఎరుపెక్కినా నేల చావలేదు. 1972లో సీతారామయ్య కమిటీ సగం పదును చేసిన తోళ్ల ఎగుమతి తగ్గించి తయారైన తోలే అమ్మాలని చెప్పింది. దేశానికి డాలర్లు వస్తాయన్నది అప్పటి లెక్క. వచ్చాయి కూడా. వాటితోపాటు క్రోమియం వచ్చింది. వారాల పని రోజుల్లో అయ్యే ఆ పద్ధతిలో వాడే రసాయనాలు దాదాపు 170 రకాలు. ఆ నీటిని నదిలోకి, చేలలోకి వదిలారు. ఇసుక అడుగున మెల్లగా కదిలే నీరు దాన్ని బావి బావికీ చేర్చింది.

వేలూరు పౌరుల సంక్షేమ వేదిక 1991లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 ఆగస్టు 28న జస్టిస్ కుల్‌దీప్ సింగ్ ధర్మాసనం తీర్పిచ్చింది. టానరీల ప్రాంతంలో 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో పూర్తిగానో పాడైందని అందులో రాశారు. హాని జరుగుతుందన్న అనుమానం ఉన్నప్పుడే ఆపాలి, పాడు చేసినవాడే ఖర్చు భరించాలి అన్న రెండు సూత్రాలు మన దేశ చట్టంలో భాగమని చెప్పిన తీర్పు అదే. ఇవాళ దేశంలో ఎక్కడ పర్యావరణ కేసు నడిచినా పాలారు పేరు మీద వచ్చిన ఆ తీర్పును ఉదహరిస్తారు. పాలారు బావులు మాత్రం బాగుపడలేదు. 2025 జనవరిలో అదే కోర్టు అదే నది గురించి, బాధితులకు అందని పరిహారం గురించి మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. చెక్‌డ్యామ్ మీద లేచే గొంతుల్లో పదో వంతు కూడా దీని మీద లేవవు. పుల్లూరు దగ్గర ఆగిన నీరు వానొస్తే మళ్లీ వస్తుంది. విషమెక్కిన ఇసుక ఒక తరంలో బాగుపడదు.

మిగతాది ఇసుక లారీలు తీశాయి. ఇసుక పోతే వరద ఆగడానికి చోటు లేదు, ఊటకాలువ తవ్వడానికి మేట లేదు. చెన్నై మేడల్లో ఇప్పుడు ఎంత పాలారు ఉందో లెక్క కట్టడం ఎవరి తరమూ కాదు. ఇంత జరిగినా నది చివరి కొసన, కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం వాడుక నీరు ఇప్పటికీ ఈ ఇసుక అడుగు నుంచే వెళ్తుంది. అక్కడికి దగ్గర్లోనే వయలూరు, పల్లవ రాజసింహుడు తన వంశావళి చెక్కించిన రాతి స్తంభం, ఆ పక్క సముద్రం.

పాలారు మీద మూడు రాష్ట్రాలు మాట్లాడుకోవడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. కోలారు నుంచి కంచి దాకా ఈ నదికి చెందిన ప్రతి చెరువు కట్ట, తూము, మరవ, దానికి నీరు తెచ్చే వంక ఇవాళ ఏ స్థితిలో ఉన్నాయో లెక్క రాయడం. అది ఇంజనీర్లతో మాత్రమే అయ్యే పని కాదు. కుప్పం, పలమనేరు, చిత్తూరు వైపు పాఠకులకు ఒక మనవి. మీ ఊరి చెరువు నిండితే ఆ నీరు ఏ వంకలో పడి ఏ నదికి పోతుందో కనుక్కోండి. ఆ వంక మూసుకుపోయి ఉంటే ఎవరి పొలం కింద, ఎవరి ప్లాటు కింద పోయిందో రాయండి. ఊటకాలువ తవ్విన పెద్దలు మీ ఇంట్లో ఉంటే, ఎక్కడ తవ్వేవారో, నీటి వంతులు ఎలా వేసుకునేవారో వాళ్ల మాటల్లోనే రాసుకుని పత్రికకు పంపండి. అందినవన్నీ ఈ ధారావాహిక పుస్తకంగా వచ్చినప్పుడు మీ ఊరి పేరుతో చేరుస్తాం.